కొరియా తాత ఏం తిన్నాడు?

ఎదుటివాళ్ళ గిన్నెలో ఏముందో తొంగి చూడకుండా ఉండలేకపోవడం సుధారాణికి చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. లక్కిరెడ్డిపల్లె దగ్గర వాళ్ళ ఊరి బడిలో, తోటి పిల్లల క్యారియర్ల దగ్గర మొదలైన అలవాటు కువైట్‌కు వచ్చినా పోలేదు. చూసి ఊరుకుంటే పర్వాలేదు. చూసినదాని మీద ఒక మాట అంటే గానీ ఆమె మనసు నిలవదు. జాబ్రియాలో మొదట పనిచేసిన ఇంట్లో, ఆ ఇంటి మామా, పులావు లాంటి మజ్బూస్‌లో రెండోసారి మాంసం వేసుకుంటుంటే "మామా, కొలెస్ట్రాల్!" అని గుర్తు చేసింది. పనిమనుషులు ఇంటావిడను మామా అని పిలుస్తారు గానీ, ఆ పిలుపులో ఇంత చనువు ఉంటుందని ఆవిడ అనుకోలేదు. ఆ రోజంతా మాట్లాడలేదు. మర్నాడు మాంసం మాత్రం ఒకసారే వేసుకుంది.

ఆ ఇంటివాళ్ళు మిష్రిఫ్‌లో విల్లా కట్టుకుని వెళ్ళేటప్పుడు మనుషుల్ని తగ్గించుకున్నారు. సుధారాణికి వేరేచోట పనిచేసుకోవడానికి రిలీజ్ ఇచ్చి మంచి మాటతోనే పంపించారు. తర్వాత మంగాఫ్‌లో ఒక కొరియా కుటుంబంలో వంటకు కుదిరింది. ఆయన రిఫైనరీ పనుల్లో ఇంజనీరు. ఆవిడ పేరు యున్‌సో. వాళ్ళకొక ఆడపిల్ల, బోమి, అప్పుడప్పుడే బడికి పోతోంది. పాప తల్లిని "ఒమ్మా" అనీ తండ్రిని "అప్పా" అనీ పిలుస్తుంటే సుధారాణి చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆ రోజే రాయచోటిలో ఉన్న కూతురు చంద్రికకు ఫోన్ చేసి, "వీళ్ళెవురో మన చిత్తూరు పక్కోళ్ళ మాదిరే ఉండార్మే, ముఖాలే వేరే," అని చెప్పింది.

వంట పట్టుబడటానికి ఎక్కువ కాలం పట్టలేదు. కిమ్చీ అంటే ఊరగాయే కదా అని ధీమాగా దిగింది. చలికాలంలో సులైబియా మార్కెట్ నుంచి క్యాబేజీలు తెప్పించి, ఉప్పు పట్టించి, కారం కూరి డబ్బాల్లో పెట్టడం నేర్చుకుంది. వాళ్ళ కారప్పొడి చూడ్డానికి నిప్పులా ఉంటుంది, నాలుక మీద వేసుకుంటే పాపం ఏమీ అనదు. అందులో గుప్పెడు మన కారం కలిపింది. ఇంజనీరుగారు తిని, చెమటలు తుడుచుకుని, ఇంకాస్త పెట్టమన్నాడు. అప్పటి నుంచి ఆ ఇంటి కిమ్చీ అలాగే సాగుతోంది.

యున్‌సోది మాత్రం వంటింటి పని కాదు. సియోల్‌లో ఆహారం మీద పరిశోధన చేసే ఉద్యోగం ఆమెది. భర్త వెంట ఇక్కడికి వచ్చినా ఆ పని వదల్లేదు. కువైట్‌లో ఉన్న కొరియావాళ్ళు ఏం తింటున్నారు, దేశం దాటాక వాళ్ళ తిండి ఎంత మారింది, దానివల్ల బీపీ, షుగర్ ఎట్లా ఉన్నాయి అనేది ఇప్పుడు ఆమె చూస్తున్న విషయం. దానికొక ప్రశ్నపత్రం తయారు చేయాలి.

"తినేది కనుక్కోడానికి పరీక్ష పేపరెందుకు మామా? నన్నడుగు, చెప్తా," అంది సుధారాణి. వాళ్ళిద్దరి మధ్య నడిచేది ఇంగ్లీషూ అరబ్బీ కలిసిన ఒక సొంత భాష. బయటివాళ్ళకు ముక్క అర్థం కాదు గానీ వాళ్ళకు ఎప్పుడూ ఇబ్బంది కలగలేదు.

యున్‌సో నవ్వి వివరంగా చెప్పింది. మనిషి వెంట ఏడాది పొడుగునా తిరుగుతూ ఏం తిన్నాడో రాసుకోలేం. అందుకని ఒక పట్టిక పెట్టుకుని అడగాలి. ఈ కూర నెలకోసారి తింటావా, వారానికి రెండుమూడు సార్లా, రోజూనా? తింటే ఎంత తింటావు? కొరియాలో వాడే పట్టిక ఉంది గానీ, అది అక్కడి చేపలకూ అక్కడి ఆకుకూరలకూ రాసింది. ఇక్కడ ఖుబ్బూస్ రొట్టె ఉంది, లబన్ మజ్జిగ ఉంది, రంజాన్ నెల ఉంది. పైగా కొరియా భోజనంలో కూరలన్నీ మధ్యలో పెట్టుకుని అందరూ చాప్‌స్టిక్స్‌తో అందుకుంటారు. అందులో ఒక మనిషి వాటా ఎంతని తేల్చాలి? సూపులో ముక్కలు మాత్రమే తింటాడా, నీళ్ళు కూడా తాగుతాడా? తాగితే ఒంట్లోకి ఉప్పు ఎంత పోతుంది?

"మా రసం మాదిరే," అంది సుధారాణి. "కలుపుకునేటోళ్ళు వేరే, గ్లాసుతో తాగేటోళ్ళు వేరే."

"అదే. మనుషులు తమ నోటితో చెప్పేదాన్ని బట్టి అది తేలాలి. చాలా కష్టం," అంది యున్‌సో.

మొదటి కష్టం ఫోటోల దగ్గరే వచ్చింది. అడిగేటప్పుడు చూపించడానికి ప్రతి వంటకూ మూడు గిన్నెల ఫోటోలు కావాలి. కొంచెం, మామూలు, ఎక్కువ. సుధారాణి వండి, గిన్నెల్లో పెట్టి, బల్ల మీద వరసగా సర్దింది. యున్‌సో కెమెరా పట్టుకుని వచ్చి, "కొంచెం ఎక్కడ?" అని అడిగింది.

"అదో, ఎడమ పక్కది."

"ఇది మా ఆయన తినే ఎక్కువ, సుధా."

"సారు తినేది నాకు కొంచెంగానే కనబడతాది మామా. అందుకే ఆయన అట్లుండాడు."

చివరికి అన్నీ తూకం వేసి పెట్టాల్సి వచ్చింది. వండినదంతా వృథా కాకుండా పక్క ఫ్లాట్ల వాళ్ళకు పంచారు. ఆ వారం ఆ బిల్డింగ్‌లో వాచ్‌మన్‌తో సహా అందరూ సోయా సూపు తిన్నారు.

ఆ తర్వాత యున్‌సో అడిగే విధానం సాధన చేయాలనుకుంది. పట్టిక ప్రశ్నలు సరిగ్గా ఉన్నాయో లేదో తెలియాలంటే, "నిన్న ఏం తిన్నావు" అని విడిగా కూడా అడిగి రెండూ పోల్చి చూడాలి. అందుకు ఎదురుగా కూర్చోడానికి ఒక మనిషి కావాలి. సుధారాణి చేతులు తుడుచుకుని కుర్చీలో కూర్చుంది.

"నిన్న లేచినప్పటి నుంచి ఏమేం తిన్నావో, తాగావో చెప్పు."

"ఏముంది మామా. పొద్దున టీ. మధ్యాన్నం అన్నం. రాత్రి అన్నం. ఖలాస్."

యున్‌సో రాసుకుంది. రాసుకుని తల ఎత్తి, తొందర లేని మనిషిలా చూస్తూ కూర్చుంది. ఏమీ అనలేదు. సుధారాణికి మౌనం పడదు.

"టీలోకి రస్కులు."

యున్‌సో తల ఊపి రాసుకుంది.

"బోమి గుడ్డు సగం వదిలేసింది. పారేస్తే పాపం గదా, అది తిన్న్యా."

ఇంకా కాసేపు గడిచింది. "కిమ్చీలో ఉప్పు చూసినా. ఉప్పు చూసేది తినడం కాదు గదా మామా?"

"ఎన్నిసార్లు చూశావు?"

"కుదిరేదాకా."

అట్లా పక్కింటి ఈజిప్టు ఆమె ఇచ్చిన ఖర్జూరాలు వచ్చాయి, లబన్ వచ్చింది, చంద్రికతో ఫోన్లో మాట్లాడుతూ నమిలిన వేరుశనక్కాయలు వచ్చాయి. పేజీ కింది దాకా నిండింది. సుధారాణి ఆ పేజీ చూసి, "ఇంత తిన్న్యానా? దిష్టి తగుల్తాది, మూసెయ్ మామా," అంది.

నవ్వుతూనే అంది గానీ ఒక సంగతి ఆమెను పట్టుకుంది. అంతసేపు అడిగి యున్‌సో ఒక్కదానికీ "అయ్యో", "ఎందుకు", "ఇంతా" అనలేదు. ఆ మాటే అడిగింది. "మనం మాట అనకూడదు," అంది యున్‌సో. "ముఖం కూడా మార్చకూడదు. మన ముఖం మారితే వాళ్ళ జవాబు మారిపోతుంది."

అర్థమైనట్టే తల ఊపింది సుధారాణి. నిజంగా అర్థం కావడానికి ఇంకా టైముంది.

కొరియావాళ్ళు నెలకోసారి ఒక శుక్రవారం సాల్మియాలో హాలు తీసుకుని కలుస్తారు. ప్రశ్నపత్రాన్ని అక్కడ కొందరి మీద పరీక్షించి చూడాలని యున్‌సో బయల్దేరింది. ఫోటోల కట్ట, గిన్నెలు, చెంచాలు సర్దడానికి, టీ ఇవ్వడానికి సుధారాణి వెంట వెళ్ళింది. అందరికంటే పెద్దాయన్ని ముందు కూర్చోబెట్టాలి, అది వాళ్ళ మర్యాద. పెద్దాయన వచ్చి కూర్చున్నాడు. బేక్ గారు. కుర్రవాడిగా ఉన్నప్పుడే రోడ్లు వేసే పనికి కువైట్ వచ్చి, యుద్ధం వచ్చినప్పుడు వెళ్ళిపోయి, మళ్ళీ వచ్చి, ఇప్పుడు ఒక కంపెనీకి సలహాదారుగా ఉన్నాడు. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి. సూటు, టై, వంగని నడుము. ఆయన మాట్లాడుతుంటే చిన్నవాళ్ళు చేతులు కట్టుకుని వింటున్నారు.

సుధారాణి టీ కప్పు పెట్టబోతూ ఆ ముఖం చూసి ఆగిపోయింది. ఈ ముఖం ఆమెకు తెలుసు. మంగాఫ్ వెనక సందులో రాజంపేట పెంచల్ నడిపే చిన్న హోటల్లో, మూల బల్ల దగ్గర, పాత టీషర్టు వేసుకుని, సంగటి ముద్ద కలుపుకుని చేత్తో తినే ముఖం. ఆమె శుక్రవారం సెలవు రోజు అక్కడికి పోయినప్పుడల్లా ఆయన ఉంటాడు. అక్కడ అందరూ ఆయన్ని కొరియా తాత అంటారు.

యున్‌సో అడుగుతోంది. ఆయన గంభీరంగా జవాబు చెబుతున్నాడు. ఇన్నాళ్ళ వంటింటి పుణ్యాన సుధారాణికి కొరియా తిండి పేర్లన్నీ తెలుసు. రోజూ అన్నం. రోజూ సోయా సూపు. కిమ్చీ మూడు పూటలా. కాల్చిన చేప. పక్కనున్న కుర్రవాళ్ళు, అబ్బ, పెద్దాయన ఇంత దూరంలో ఎంత నియమంగా ఉన్నాడని చూస్తున్నారు.

"తాతా!" అనేసింది సుధారాణి తెలుగులో. "మరి పెంచలన్న సంగటి ఎవురు తిన్నారు?"

ఆయన ఉలిక్కిపడి, ఏ భాషలో మాట్లాడుతున్నాడో చూసుకోకుండా, "ఊరకుండు మా!" అన్నాడు.

హాలు మొత్తం ఇటు తిరిగింది. బేక్ గారి నోట ఆ భాష వాళ్ళెవరూ వినలేదు. అదేం భాష, ఈమె ఏమంది అని ఎవరో అడిగారు. అప్పుడైనా ఆమె ఊరుకుంటే సరిపోయేది. ఎంతో గర్వంగా, వచ్చిన ఇంగ్లీషులో, ఈ సారు రోజూ మా ఊరివాళ్ళ హోటల్లోనే తింటాడనీ, చేత్తో ఎంత బాగా తింటాడో మీరు చూడాలనీ చెప్పింది. ముందు ఒక కుర్రవాడు నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. చెడ్డ నవ్వేం కాదు గానీ నవ్వు నవ్వే. పెద్దాయన కప్పు కింద పెట్టి, కోటు బొత్తాం పెట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా బయటికి నడిచాడు.

కారులో తిరిగి వస్తున్నప్పుడు యున్‌సో కోప్పడలేదు. ఫహాహీల్ రోడ్డు ఎక్కాక మెల్లగా అంది. "ఆయన ఇంక నాకు నిజం చెప్పడు, సుధా. ఆయనే కాదు. ఈరోజు నవ్విన వాళ్ళెవరూ చెప్పరు. ఏం చెబితే ఏమవుతుందో చూశారు కదా."

సుధారాణి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేదని ఆమెకు అనిపించింది.

తర్వాతి శుక్రవారం పెంచల్ హోటల్‌కు పోతే మూల బల్ల ఖాళీగా ఉంది. పెంచల్ గరిటె చేతిలో పట్టుకునే ఆమె మీదికి వచ్చాడు.

"ఏం చేసినావు మ్మా నువ్వు? పెద్దాయన ఇంతవరకూ ఈ వైపు రాల్యా. ఫోన్ చేస్తే ఎత్తల్యా. జరమొచ్చినప్పుడు గూడ మనిషిని పంపి తెప్పించుకున్యాడు ఆయన."

జరిగింది చెప్పింది. పెంచల్ తల కొట్టుకున్నాడు. "మనిషి తినే కాడ పరువు తీస్తారా ఎవురన్నా?" అని, లోపలికి పోయి క్యారియర్ కట్టి తెచ్చాడు. సంగటి, నాటుకోడి పులుసు, చెనక్కాయల ఊరుబిండి పచ్చడి. "ఇల్లు చెప్తా. నువ్వే పోయి ఇచ్చి రా. ఆయన క్యారియర్ తీసుకోకపోతే తిరిగి నాకు ముఖం చూపించద్దు."

పెద్దాయన తలుపు తీశాడు. రమ్మనలేదు, పొమ్మనీ అనలేదు. ఆయన వెనక వంటగట్టు మీద ఖాళీ నూడుల్స్ కప్పులు ఒకదానిలో ఒకటి దూర్చి ఉన్నాయి. సుధారాణి వాటి మీద ఏదో అనబోయి ఆపుకుంది.

"తప్పయిపోయింది తాతా. నా నోరు ఊరకుండదు."

ఆయన క్యారియర్ వైపు చూశాడు. "నోరు మంచిదే," అన్నాడు తెలుగులోనే. "టైమ్ చెడ్డది. లోపలికి రా. సంగటి సల్లారిపోతాది."

పళ్ళెం పెట్టుకుని తింటూ చెప్పాడు. ఆయన తెలుగంతా సైట్లలో నేర్చింది. హిందీ, అరబ్బీ ముక్కలు మధ్యలో వస్తాయి గానీ, "ఎట్ల", "యాడ" అనేటప్పుడు అచ్చం పుల్లంపేట మనిషి మాదిరే ఉంటుంది. నేర్పింది పుల్లంపేట నాగేశ్వర. ఇద్దరూ ఒకే సైట్లో ఏళ్ళ తరబడి పనిచేశారు. నాగేశ్వర పైపు ఫిట్టరు, బేక్ ఫోర్‌మన్. ఒక ఏడాది కొరియా నుంచి భార్య చనిపోయిందని ఫోన్ వచ్చింది. పోయి వచ్చాక ఆయనకు అన్నం ముందు కూర్చోబుద్ధి కాలేదు. కొరియా క్యాంపు వంట వాసన వస్తే లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. అది ఆమె వండే వంట వాసన.

"నాగేశ్వర ముద్ద తెచ్చినాడు. నల్లగా ఉంది. నేను నమిలినా. పళ్ళకంతా అంటుకున్యాది." ఆయన పళ్ళు చూపించి నవ్వాడు. "నమలద్దు సారూ, మింగు అని చెప్పినాడు. మింగినా. దాంట్లో ఎవురూ గుర్తు రాలేదు. అందుకే తిన్న్యా."

నాగేశ్వర ఊరికి పోయి చాలా కాలమైంది. పోయేముందు ఆయన్ని పెంచల్‌కు అప్పజెప్పి పోయాడు. ఇప్పటికీ ఫోన్ చేసుకుంటారు.

"మరి మీవాళ్ళకు చెప్తే ఏం తాతా? తప్పేముంది దీంట్లో?"

ఆయన వేళ్ళు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. ప్రతి కొత్త సంవత్సరం పండగకీ హాల్లో నిలబడి మాట్లాడేది తనే. మన తిండి మరిచిపోతే మనం కొరియావాళ్ళం ఎట్లా అవుతాం అని కొత్తగా వచ్చిన పిల్లలకు చెప్పేది తనే. ఇన్నేళ్ళుగా చెప్పి ఇప్పుడు ఏ ముఖంతో?

సుధారాణి క్యారియర్ గిన్నెలు ఒకదాని మీద ఒకటి సర్దింది. ఆ తర్వాత అంది. "మా చంద్రిక రోజూ అడుగుతాది, ఏం తిన్న్యావు మా అని. పప్పు, అన్నం, చింతకాయ పచ్చడి అని చెప్తా. నిజంగా అయితే, నాకిప్పుడు కిమ్చీ లేకపోతే ముద్ద దిగదు తాతా. పోయిన తూరి ఊరికి పోయినప్పుడు డబ్బా దాచి పెట్టుకుని తిన్న్యా. వాసన చూసి ఏందో చచ్చింది మిద్దె మీద అన్యాడు మా ఆయన."

ముసలాయన పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "మేడంకు కోపం ఉందా?" అని అడిగాడు.

"మామా కోప్పడదు. అదే నా బాధ."

"వస్తా అని చెప్పు. నువ్వు మాత్రం గదిలో ఉండద్దు."

"వంటింట్లో ఉంటా."

"వంటింటికి చెవులుంటాయి."

"చెవులు గూడ మూసుకుంటా తాతా, నా మీద ఒట్టు."

చెప్పినట్టే వచ్చాడు. ఈసారి సూటు లేదు. ముందుగదిలో యున్‌సో ఎదురుగా కూర్చుని తను తినేవన్నీ చెప్పడం మొదలుపెట్టాడు. వంటింట్లో సుధారాణి కొత్తిమీర తరిగింది, తరిగినదాన్నే మళ్ళీ తరిగింది. ముందుగది నుంచి నవ్వు వినిపించింది, తర్వాత చాలాసేపు ఏమీ వినిపించలేదు, తర్వాత ముక్కు చీదిన శబ్దం. మాట్లాడకుండా ఉండటం ఇంత బరువైన పనని ఆమెకు ఇంతకుముందు తెలియదు. ఒక్కసారి మాత్రం ఆయనే కేకేశాడు.

"సుధమ్మా! చెనక్కాయలది ఏంది?"

"ఊరుబిండి తాతా!" అని అరిచి గబుక్కున నోరు మూసుకుంది.

కాసేపటికి యున్‌సో లోపలికి వచ్చి, రాగిపిండి ఉందా అని అడిగింది. ముద్ద ఎంత పరిమాణమో తేల్చాలి. సుధారాణి పొయ్యి వెలిగించి సంగటి కెలికి, చెయ్యి తడి చేసుకుని చిన్నదీ, మధ్యరకందీ, పెద్దదీ ముద్దలు చేసి పళ్ళెంలో పెట్టింది. యున్‌సో తూకం వేసి, ఫోటోలు తీసి, పెద్దాయన ముందు పెట్టింది. ఆయన పెద్దదాన్ని వేలితో చూపించి, ఆ తర్వాత దాన్ని తినేశాడు.

సియోల్‌లో ఈ పరిశోధనను నడిపించే ప్రొఫెసర్ మాత్రం సంగటిని పట్టికలో చేర్చడానికి ఒప్పుకోలేదు. వీడియో కాల్లో ఆమె గట్టిగానే చెప్పిందని యున్‌సో తర్వాత చెప్పింది. ఇది కొరియావాళ్ళ తిండి మీద పరిశోధన. ఒక్క మనిషి ఇట్లా ఉన్నాడని పట్టిక మారుస్తామా? ఆయన్ని లెక్కలోంచి తీసేయమంది. ఆ మాట అన్యాయమేమీ కాదు. ఒక్కడి కోసం పట్టిక సాగదీసుకుంటూ పోతే దానికి అంతుండదు.

అయితే ఆయన నిజంగా ఒక్కడేనా అన్న అనుమానం యున్‌సోను వదల్లేదు. ఆమె ప్రశ్నల వరస మార్చింది. మొదటే కిమ్చీ గురించి అడగడం మానేసింది. కిమ్చీ పేరు వినగానే ప్రతి కొరియావాడికీ వాళ్ళమ్మ ఎదురుగా నిలబడినట్టు ఉంటుందని ఆమెకు అర్థమైంది. ఇప్పుడు మొదటి ప్రశ్న, మీ ఇంట్లో వంట ఎవరు చేస్తారు? తర్వాతది, పోయిన వారం ఎవరితో కలిసి తిన్నారు, ఎక్కడ తిన్నారు? గుంపులో అడగడం కూడా మానేసి ఇంటింటికీ వెళ్ళింది. అప్పుడు బయటపడ్డాయి. ఒక కుర్ర ఇంజనీరు షవర్మా, లబన్ మీదే బతుకుతున్నాడు. ఒకావిడ కువైటీ స్నేహితురాలి ఇంట్లో మజ్బూస్ తిని, రాత్రికి నేనేం తినలేదు అనుకుంటూ పడుకుంటుంది. ఇంకో ఇంట్లో కేరళ వంటమనిషి సోయా సూపులో కొబ్బరి పాలు పోస్తున్న సంగతి ఇంటివాళ్ళకే తెలియదు. ఎందుకో ఈమధ్య సూపు బాగుంటోంది అనుకుంటున్నారు. యున్‌సో తన ఇంటి కిమ్చీలో ఏ కారం పడుతోందో కూడా ఆ వారమే కనుక్కుంది. అడగ్గానే సుధారాణి ఒప్పేసుకుంది.

వాటన్నిటికీ పట్టికలో కొత్త పేజీ వచ్చింది. ఆ జవాబులు చూశాక ప్రొఫెసర్ కూడా సరేనంది. పెద్దాయన లెక్కలోనే ఉన్నాడు. అయినా, కాఫీలో చక్కెర ఎంత వేసుకుంటాడో అన్న విషయంలో ఆయన చివరిదాకా నిజం చెప్పలేదని యున్‌సో అనుమానం. చెప్పించే దారి ఆమెకు దొరకలేదు.

ఆ చలికాలం వాళ్ళ కొత్త సంవత్సరం పండగ వచ్చింది. హాల్లో బియ్యపు బిళ్ళల సూపు పొగలు కక్కుతోంది. అలవాటు ప్రకారం బేక్ గారు మాట్లాడటానికి లేచాడు. ఏం చెప్పాడో సుధారాణికి మాటమాటా అర్థం కాలేదు, యున్‌సో చెవిలో చెబుతూ వచ్చింది. ఇన్నేళ్ళూ మీకు ఒక మాట చెప్పాను, నేను మాత్రం ఇంకోటి తిన్నాను అన్నాడట. నా భార్య పోయాక ఒక భారతీయుడు తన క్యారియర్ నాకు సగం పెట్టాడు, ఆ సగమే నన్ను ఇక్కడిదాకా తెచ్చింది అన్నాడట. ఈసారి ఎవరూ నవ్వలేదు. తర్వాత తలుపు వైపు చెయ్యి ఊపాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, పెద్ద డేగిసా మోయించుకుంటూ పెంచల్ లోపలికి వచ్చాడు.

పిల్లలంతా చుట్టూ మూగారు. ఒక కుర్రవాడు ముద్ద తుంచి, పులుసులో ముంచి, నోట్లో పెట్టుకుని శ్రద్ధగా నమలడం మొదలుపెట్టాడు. పెద్దాయన గట్టిగా అరిచాడు, అదీ తెలుగులో.

"నమలద్దు రా! మింగు!"

అర్థం కాకపోయినా మింగేశాడు ఆ కుర్రవాడు. కళ్ళు పెద్దవయ్యాయి. ఇంకో ముద్దకు చెయ్యి చాపాడు. పెంచల్ మాత్రం బియ్యపు బిళ్ళల సూపు రెండు గిన్నెలు తాగి, "ఇంత ఉప్పగా ఎట్ల తాగుతారబ్బా వీళ్ళు," అని సుధారాణి చెవిలో అన్నాడు. ఆమె ఏమీ అనకుండా మూడో గిన్నె అందించింది.

ఎండలు ముదిరే నాటికి యున్‌సో చేతికి ఇంకో పని వచ్చింది. ఇళ్ళలో పనిచేసే తెలుగు ఆడవాళ్ళలో షుగర్ ఎక్కువగా కనిపిస్తోందని ఒక క్లినిక్ డాక్టరమ్మ, వాళ్ళ తిండి గురించి కూడా ఇట్లాంటి ప్రశ్నపత్రం తయారు చేయగలరా అని అడిగింది. తెలుగులో అడగాలి. అడిగే మనిషి కావాలి. యున్‌సో సుధారాణి వైపు చూసింది. "నేనా మామా? నా సంగతి తెలిసే?" అంది. "తెలిసే," అంది యున్‌సో.

శుక్రవారాలు తిరగడం మొదలుపెట్టింది. మొదట్లో అంత సాఫీగా ఏం సాగలేదు. ఖాతూన్ బీ అనే ఆమె పెప్సీ లెక్క చెప్పగానే సుధారాణి కనుబొమ్మలు పైకి లేచాయి. ఖాతూన్ బీ వెంటనే, "రోజూ కాదులే, ఎప్పుడన్నా," అని దిద్దుకుంది. ఆ కాగితం చెల్లదని సుధారాణే యున్‌సోకు ఇచ్చేసి, ఇంకో వారం మళ్ళీ పోయి అడిగింది.

మిష్రిఫ్‌లో ఒక విల్లాలో పనిచేసే గంగులమ్మ బస్టాండు నీడలో దొరికింది. పెద్ద మనిషి, మాట తక్కువ. "నిన్న ఏం తిన్న్యావక్కా?" అని అడిగితే, "తిన్న్యా ఏదో," అంది. సుధారాణి కాగితం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎండ వైపు చూసింది. రోడ్డు మీద కార్లు చూసింది. గంగులమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"పొద్దున్నే మామా వాళ్ళ పిల్లోళ్ళు ఇడిసిపెట్టిన రొట్టె," అంది. "దాంట్లోకి, నవ్వద్దు మే, మిరపకాయ బజ్జీ. ముందురోజుది. ఫ్రిజ్‌లో దాచి పెట్టుకున్యా."

సుధారాణి నవ్వలేదు. రాసుకుంది. గంగులమ్మ గొంతు సర్దుకుని, ఆ బజ్జీ ఎక్కడి నుంచి వచ్చిందో, పిండిలో వాము ఎంత వేసిందో, దాన్ని ఎవరి కంటపడకుండా ఎట్లా దాచిందో మొదలుపెట్టింది. బస్సు వచ్చింది. డ్రైవర్ హారన్ కొట్టాడు. ఇద్దరిలో ఒక్కరూ లేవలేదు. బస్సు వెళ్ళిపోయింది. గంగులమ్మ చెప్పేది ఇంకా మధ్యాహ్నం తిండి దాకా కూడా రాలేదు.